రేడియోలో చెప్పలేని మాట

ఓరిన్ స్టాన్‌వుడ్ చెప్పమన్నాడు కాబట్టి ఈ సంగతి చెబుతున్నాను. "పేరు మార్చమంటారా?" అని అడిగితే, "ఎందుకండీ, ఆ రోజు రేవు రేవంతా విన్నదేగా" అన్నాడు. అయినా మార్చాను. అతని పేరు, మిగతావాళ్ళ పేర్లు, ఆఖరికి రేవు పేరు కూడా.

నన్ను నాడీన్ పెల్కీ అనుకోండి. అమెరికాలో మేయిన్ తీరాన తూర్పు కొసన ఉన్న గానెట్ రేవులో, డీజిల్ అమ్మే దుకాణం పైన రెండు గదుల్లో నా ఆఫీసు. క్లినికల్ సోషల్ వర్కర్‌ని. మందులు రాసివ్వను. మనసు బాగాలేనివాళ్ళు చెప్పేది వినడం, వాళ్ళతో మాట్లాడటం, ఇంట్లో మాటలు తెగిపోయినవాళ్ళని మళ్ళీ ఒకచోట కూర్చోబెట్టడం, ఆసుపత్రికి పంపాల్సినవాళ్ళని పంపడం నా పని. నేను పుట్టి పెరిగింది సముద్రానికి దూరంగా, కాగితం మిల్లున్న ఊళ్ళో. అందుకని ఇక్కడ ఇరవై ఏళ్ళు కాపురం చేసినా రేవువాళ్ళకి నేనింకా బయటి మనిషినే.

మొదట్లో లాబ్‌స్టర్లు, అంటే పెద్ద సముద్రపు రొయ్యలు, పట్టే బోట్ల మీద పనిచేసే మగవాడు ఒక్కడూ నా మెట్లెక్కలేదు. "డబ్బిచ్చి ఏడవడమెందుకు? ఊరికే ఏడవచ్చుగా" అనేవాళ్ళు. తర్వాత ఒక చలికాలం ఒక బోటు మనుషులతో సహా తిరిగి రాలేదు. ఆ ఏడు ఒకరి తర్వాత ఒకరు రావడం మొదలుపెట్టారు. ట్రక్కుని పోస్టాఫీసు దగ్గర వదిలేసి, వెనకవైపు మెట్ల మీంచి. ఆ మెట్ల మీద ఒకరికొకరు ఎదురైతే ఇద్దరూ డీజిల్ ధర గురించి మాట్లాడుకునేవాళ్ళు. పైన డీజిల్ అమ్మరని ఇద్దరికీ తెలుసు. నేను అన్నేళ్ళు కష్టపడి సంపాదించిందంటూ ఏదైనా ఉంటే అది వాళ్ళ నమ్మకమే. దానికే ఆ సంవత్సరం మా వృత్తివాళ్ళ రాష్ట్ర సంఘం నన్ను సన్మానానికి ఎన్నుకుంది. బాంగోర్‌లో విందు. అది నేను చెప్పబోయే రోజు సాయంత్రమే.

ఆ పొద్దున ఓరిన్‌తో ఒక్కటే అపాయింట్‌మెంట్ పెట్టుకున్నాను. అది కాగానే కారెక్కాలని నా ఆలోచన.

ఓరిన్ భారీ మనిషి. నా కుర్చీలో ఎప్పుడూ ఇరుక్కునే కూర్చునేవాడు. అంతకుముందు చలికాలంలో అతని భార్య ఫెర్న్ కాన్సరుతో పోయింది. పెళ్ళయిన నాటినుంచి ఇద్దరూ ఒకే బోటు మీద పనిచేశారు. అతను లాబ్‌స్టర్లు పడే బోను పైకి లాగితే ఆవిడ ఖాళీ చేసి, ఎర పెట్టి, మళ్ళీ నీళ్ళలోకి తోసేది. మా తీరంలో ఎవరి బోన్లు ఎవరివో తెలియడానికి పైన తేలే బోయాలకి ఒక్కొక్కరూ ఒక్కో రంగు వేసుకుంటారు. పోయే ముందు ఆఖరి శరదృతువులో ఫెర్న్ షెడ్డులో దుప్పటి కప్పుకుని కూర్చుని వాళ్ళ బోయాలన్నిటికీ కొత్తగా రంగులు వేసింది. పసుపు మీద ఆకుపచ్చ పట్టీ. ఆ వేసవిలో ఎవరో ఆ బోయాల తాళ్ళు కోసేస్తున్నారు. తాడు కోస్తే బోను అడుగున ఉండిపోతుంది, బోయా ఎటో కొట్టుకుపోతుంది. ఓరిన్ పనయ్యాక రాళ్ళ ఒడ్డంట తిరిగి వాటిని ఏరుకొచ్చేవాడు.

"లైలే," అన్నాడు కూర్చోగానే.

లైల్ హాజ్డన్ అతని చెల్లెలు కొరీన్ మొగుడు.

"కళ్ళారా చూశారా?"

"చూడక్కర్లేదండీ. దిబ్బ దగ్గర మా నాన్న బోన్లేసుకున్న చోటది. మా చెల్లెల్ని చేసుకున్ననాటినుంచి వాడి కన్ను దాని మీదే. బోన్లు పోతే పోయాయి, మళ్ళీ కొనుక్కుంటా. ఆ రంగులు మళ్ళీ ఎవరేస్తారు?"

ఆ మాటలు అంతకుముందు కూడా విన్నాను. అప్పుడు గోడలు అదిరేలా అరిచేవాడు. ఆ రోజు అరవలేదు. గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. అరిచేవాణ్ణి చూసి నేనెప్పుడూ భయపడలేదు. మనసులో ఏదో తేల్చేసుకుని నెమ్మదిగా మాట్లాడేవాణ్ణి చూస్తేనే నాకు భయం.

"ఓరిన్, లైల్‌ని ఏం చేద్దామనుకుంటున్నారు?"

అతను కిటికీలోంచి చూశాడు. బయట తెల్లగా పొగమంచు. రేవులో కట్టేసిన బోట్లు కూడా కనబడటంలేదు.

"వాడివాళ దిబ్బ దగ్గరే ఉన్నాడు. ఒక్కడే. ఇలాంటి మంచులో సముద్రంలో మనుషులు పోతూనే ఉంటారు కదండీ."

"తుపాకి ఎక్కడుంది?"

"బోట్లో."

"గుళ్ళు?"

"అందులోనే."

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నారా?"

"ఫెర్న్‌తో అన్నాను."

"ఓరిన్, మొదటిరోజే మీకు చెప్పాను. ఈ గదిలో మాట గడప దాటదు, ఒకరి ప్రాణం పోయే పరిస్థితి వస్తే తప్ప. ఇది ఆ పరిస్థితి. బోటు తాళాలు నాకివ్వండి. ఇద్దరం కలిసి ఆసుపత్రికి వెళ్దాం, దారిలో మీకు ఎంత అరవాలనిపిస్తే అంత అరవండి."

"ఎవరికి చెబుతారు? అక్కడ ఫోన్లు పనిచెయ్యవు." లేచి నిలబడ్డాడు. తలుపు దగ్గర ఆగి, "మీకివాళ విందు కదా, వెళ్ళండి. మీరు మంచివారు. నా గురించి చెడ్డగా అనుకోకండి," అన్నాడు.

నేను అడ్డం వెళ్ళాను. భుజం మీద చెయ్యి వేసి నన్ను మెల్లగా పక్కకి జరిపి దిగిపోయాడు. అతని బూట్ల చప్పుడు మెట్ల మీద వినబడుతుంటే ఆ చివరి మాటే చెవుల్లో మోగింది. మనుషులు సెలవు తీసుకునేటప్పుడు అలా మాట్లాడతారు. పోయేది లైల్ ప్రాణం ఒక్కటే కాదని నాకప్పుడు అర్థమైంది.

సముద్ర గస్తీ చూసే వేడ్‌కి ఫోన్ చేశాను. ఎవరు, ఎవర్ని, ఎక్కడ, దేనితో అన్నది చెప్పాను, అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. ఓరిన్ వేడ్‌కి చిన్నప్పుడు ఈత నేర్పినవాడు.

"నా బోటు రెండు అఖాతాల అవతలుందండీ," అన్నాడు. "ఈ మంచులో ఎంత తొందరపడ్డా గంట పైనే. లైల్‌ని రేడియోలో హెచ్చరించనా?"

"ఆగండి," అన్నాను.

చిక్కంతా అక్కడే. సముద్రం మీద ఉన్నవాడికి కబురు చేరాలంటే బోట్లవాళ్ళు మాట్లాడుకునే రేడియో ఒక్కటే దారి. ఆ రేడియో అందరిదీ. ప్రతి బోట్లోనూ, ప్రతి వంటింట్లోనూ పొద్దున్నుంచి మోగుతూనే ఉంటుంది. "లైల్, ఓరిన్ తుపాకితో నీ మీదకొస్తున్నాడు" అంటే మొదట వినేవాడు ఓరిన్. దాగి వెళ్ళేవాడు ఇక దాగడు, గబగబా వెళతాడు. రెండోది, ఒప్పుకోడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను: ఆ మాట ఎవరి నోటినుంచి వచ్చిందో గానెట్ రేవులో తెలియడానికి ఎంతోసేపు పట్టదు. నా వెనక మెట్లు ఎక్కేవాడు ఆ తర్వాత ఉండడు.

బాంగోర్ హోటల్లో అప్పటికే దిగిన మార్గోకి ఫోన్ చేశాను. నేను కొత్తగా ఈ పనిలోకి వచ్చినప్పుడు నన్ను తీర్చిదిద్దిన మనిషి. ఇలాంటప్పుడు ఒంటరిగా తేల్చుకోకు, ఇంకొకరి బుర్ర కూడా వాడుకో అని ఆవిడే నేర్పింది.

"చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నావా?" అంది.

"లేదు. చెప్పాల్సిందే."

"మరింకేం? ఎలా చెప్పాలో ఆలోచించు. ఆ లైల్ ఎవరి మాట వింటాడు?"

ఫోన్ పెట్టేసి కారు తీశాను. దీపాలు వేసినా దారి కనబడటంలేదు. రోడ్డు పక్కన తెల్లగీత పట్టుకుని కొరీన్ ఇంటికి చేరాను.

కొరీన్ ఓవెన్లో బీన్స్ పెట్టి, చేతులు తుడుచుకుంటూ తలుపు తీసింది. "ఇదేంటండీ, మీరివాళ బాంగోర్‌లో ఉండాలి కదా! పేపర్లో ఫోటో కూడా..." అని నా మొహం చూసి ఆగిపోయింది.

"కొరీన్, లైల్‌కి సముద్రం మీద ప్రాణం మీదకొచ్చేలా ఉంది. మనిషివల్ల. గస్తీవాళ్ళకి చెప్పాను, వాళ్ళు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. లైల్ ఇప్పుడే అక్కణ్ణుంచి కదలాలి."

వంటింటి గట్టు మీద రేడియోలో ఎవరో ఎర ధర గురించి సణుగుతున్నారు. కొరీన్ నన్నే చూస్తోంది.

"అన్నయ్యా?"

తల ఊపాను. ముప్పు ఎటునుంచో తెలియకపోతే ఆ హెచ్చరికకి అర్థంలేదు.

ఆవిడ కుర్చీ పట్టుకుంది. "కోశాడండీ," అంది నెమ్మదిగా. "లైలే కోశాడు. నాకు తెలుసు. తాగినప్పుడు నా దగ్గర గొప్పలు చెప్పుకున్నాడు. వదిన వేసిన రంగులని తనకి తెలీదు, నేను చెప్పలేదు. చెబితే ఆపేవాడేమో." అంతలోనే మైకు అందుకుంది. నేను మణికట్టు పట్టుకున్నాను.

"మీ అన్నయ్య కూడా వింటాడు."

"మరెలా?"

"మామూలుగా ఏం చెబితే లైల్ పని వదిలేసి ఇంటికొస్తాడు?"

"ఏం చెప్పినా రాడు. పెద్దదాన్ని కంటున్నప్పుడే రాలేదు, ఇంకా బోన్లు మిగిలాయన్నాడు." అంతలో ఏదో తట్టి మైకు నొక్కింది. గొంతు మామూలుగానే ఉంది.

"లైల్, వినబడుతోందా? ఇంటికి రా. కింద గదిలో నీళ్ళ ట్యాంకు పగిలింది. మోకాళ్ళ దాకా నీళ్ళు."

గరగర మంటూ జవాబొచ్చింది. "వాల్వు కట్టెయ్యవే."

"కట్టాను. ఆగట్లేదు."

"నువ్వు ఎడమకి తిప్పుంటావు. కుడికి తిప్పు."

"ఎటు తిప్పినా ఆగట్లేదయ్యా! నీ పనిముట్లన్నీ తేలుతున్నాయి."

మధ్యలో ఇంకో గొంతు దూరింది. రేవులో అందరికంటే పెద్దవాడు, హార్లండ్. "కొరీనమ్మా, నా దగ్గర పంపుంది, తెచ్చేదా?"

"నీ పంపు నువ్వే ఉంచుకో బాబాయ్, నాకు నా మొగుడు కావాలి."

"ఇన్నేళ్ళకా!" అన్నాడెవడో. రేడియో నిండా నవ్వులు. కొరీన్ కళ్ళు మూసుకుంది.

"సగం బోన్లు కూడా లేపలేదే," అన్నాడు లైల్. "ఈ మంచులో అంతదూరం వచ్చి మళ్ళీ ఎవడెళతాడు? సాయంత్రం చూద్దాంలే. ములిగేది ట్యాంకే కదా, నువ్వు కాదు కదా."

కొరీన్ నా వైపు చూసింది. నా దగ్గర ఇంకో ఉపాయం లేదు. ఓరిన్ రేవు దాటి ఎంతసేపయిందో, దిబ్బకి ఎంత దగ్గరికెళ్ళాడో తెలియదు. ఆవిడ మైకుని రెండు చేతులా పట్టుకుంది.

"లైల్, ఈ ఒక్కసారికి ఎందుకని అడగొద్దు. ఇప్పుడే రా. నీ కాళ్ళు పట్టుకుంటాను, రా." తర్వాత వచ్చింది ఏడుపే. బొత్తాం మీద వేలు తియ్యడం మర్చిపోయింది. రేవంతా విన్నది.

వేలు తీశాక రేడియోలో ఎవరూ మాట్లాడలేదు. నవ్వినవాళ్ళు కూడా. నీళ్ళ ట్యాంకు కోసం కొరీన్ హాజ్డన్ ఏడవదని వాళ్ళందరికీ తెలుసు.

అప్పుడు ఓరిన్ గొంతు వచ్చింది, పక్కగదిలోంచి వచ్చినంత స్పష్టంగా.

"ఇంటికెళ్ళు, లైల్."

"ఎవరది? ఓరినా? ఎక్కడున్నావ్?"

"నీ వెనకే."

కొరీన్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వెనకంటే? ఎంత వెనక?"

"నీ పసుపు కోటు కనబడేంత."

లైల్ వెనక్కి తిరిగి మంచులోకి చూస్తూ ఉండుంటాడు. ఎందుకని అడగలేదు. కోసినవాడికి ఎందుకో తెలుసు.

"నా చెల్లెలు ఏడుస్తోంది, వినబడట్లేదా?" అన్నాడు ఓరిన్. "నాన్న పోయినప్పుడు కూడా అది అలా ఏడవలేదు. నీలాంటివాడి కోసం ఏడుస్తోంది. ఎందుకేడుస్తోందో నాకర్థం కావట్లేదు కానీ, వెళ్ళు. నేను మనసు మార్చుకోకముందే వెళ్ళు."

"వస్తున్నా, కొరీన్," అన్నాడు లైల్. అతనిది అంత చిన్న గొంతని నాకప్పటిదాకా తెలియదు. ఆ మాట వెనకే ఇంజను గట్టిగా మోగింది.

కొరీన్ నేల మీద కూలబడింది. ఊపిరి తీసుకుని మళ్ళీ మైకందుకుంది. "అన్నయ్యా, నువ్వు కూడా రా."

జవాబులేదు.

"అన్నయ్యా, బీన్స్ పెట్టాను. రా."

జవాబులేదు. మా ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది, ఇద్దరం పైకి అనలేదు. లైల్ వెళ్ళిపోయాడు. తుపాకి ఉంది, గుళ్ళున్నాయి, మంచులో ఒంటరిగా ఓరిన్ ఉన్నాడు.

కొరీన్ మైకు నా చేతిలో పెట్టింది.

ఆ రేవులో నేనెప్పుడూ రేడియోలో మాట్లాడలేదు. నేను పేరు పెట్టి పిలిస్తే ఓరిన్ నా దగ్గరికి వస్తాడని అందరికీ తెలుస్తుంది. కొరీన్ ఏడుపెందుకో, ఎవరు ఎవరికి ఏం చెప్పారో కూడా తెలుస్తుంది. అదంతా ఒక్కసారిగా బుర్రలో తిరిగింది. తర్వాత బొత్తాం నొక్కాను.

"ఓరిన్, నేను నాడీన్‌ని. కొరీన్ వంటింట్లో ఉన్నాను."

కాస్త గరగర, తర్వాత ఓరిన్ గొంతు.

"విందుకెళ్ళలేదా?"

"లేదు."

"చెప్పేశారన్నమాట."

"చెప్పాను. చెబుతానని మీతో అన్నాను కూడా."

"అన్నారు. కాదనను."

"ఓరిన్, చానెల్ మార్చండి. మనిద్దరం మాట్లాడుకుందాం."

"మార్చి ఏం లాభమండీ. ఎర బోటు వెనక పక్షుల్లా అందరూ వెంటే వస్తారు."

ఆ గొంతులో ఇంకా నవ్వగలిగేంత జీవం ఉంది. దాన్నే పట్టుకున్నాను.

"ఇప్పుడు మీ ఒక చేతిలో మైకుంది. రెండో చేతిలో ఏముంది?"

మాట్లాడలేదు.

నా పనిలో సూటిగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అడిగితే ఎక్కడ ఆ ఆలోచన పుట్టిస్తామో అని కొత్తవాళ్ళు భయపడతారు. అడగకపోవడమే ప్రమాదం. అన్నేళ్ళూ ఆ ప్రశ్నని గది తలుపు మూసి, గొంతు తగ్గించి అడిగాను. ఆ రోజు మూయడానికి తలుపు లేదు.

"ఓరిన్, చచ్చిపోవాలనుకుంటున్నారా?"

కొరీన్ నోటికి కొంగులా ఆప్రాన్ అడ్డం పెట్టుకుంది.

"చావాలని కాదు," అన్నాడు. "ఇంటికెళ్ళాలనిలేదు. ఇంట్లో ఆవిడ లేదు. ఇక్కడైతే ఆవిడ నిలబడే చోటన్నా ఉంది."

"ఫెర్న్ నిలబడే చోటు ఇప్పుడు చూస్తున్నారా?"

"చూస్తున్నా."

"ఆ చోటు గురించి చెప్పండి."

అతను చెప్పాడు. ఆవిడ మోకాలు ఆనించే చోట రంగు పోయిందని, మళ్ళీ రంగు వెయ్యనివ్వలేదని, చలికి ఆవిడ కాళ్ళు తిమ్మిరెక్కితే అతన్నే తిట్టేదని. మాట్లాడుతున్నంతసేపూ రేడియోలో ఒక్కరు కూడా అడ్డురాలేదు. చివర్లో మాట మధ్యలోనే ఆగిపోయాడు. నేను మళ్ళీ నొక్కబోతుంటే వేరే గొంతు వచ్చింది.

"ఓరిన్, హార్లండ్‌ని. ఏమనుకోకు, మధ్యలో దూరుతున్నా." దగ్గాడు. "నేను కూడా వెళతానురా ఆవిడ దగ్గరికి. మా తమ్ముడి బోటు రాని ఏడాది నుంచి. డీజిల్ కొనడానికి అంటాను, మా ఇంట్లో డీజిల్ దేనికి? మా ఆవిడకి కూడా తెలీదు. ఇప్పుడు తెలిసే ఉంటుంది, వింటూనే ఉంటుంది." మళ్ళీ దగ్గాడు. "ఎక్కడున్నావో చెప్పు. పక్కకొచ్చి బోటు కడతా. నువ్వేం మాట్లాడక్కర్లేదు."

"నీకు కనబడదు, ముసలాడా. వచ్చి నన్నే గుద్దుతావు."

"కళ్ళు ఎప్పుడో పోయాయి. నువ్వు హారన్ కొట్టు, చెవులతో వస్తా."

నేను రేడియో వైపే చూస్తున్నాను.

హారన్ మోగింది. ఒకటే, సాగదీసి. హార్లండ్ బొత్తాం నొక్కిపెట్టి ఉంచాడు కాబట్టి మాకూ సన్నగా వినబడింది. మళ్ళీ మోగింది.

"ఓరిన్," అన్నాను, "గుళ్ళు తీసి నీళ్ళలో వెయ్యండి. వేశాక నాకు చెప్పండి."

"తీశా." తర్వాత కొంచెం ఆగి, "వేశా."

"అన్నీనా?"

"జేబులో ఒకటుంది." ఇంకా ఆగాడు. "అది కూడా వేశా."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. హార్లండ్ బోటు అతని పక్కకి చేరిందని చెప్పేదాకా, వేడ్ బోటు కూడా అందుకుందని చెప్పేదాకా కొరీన్, నేను ఒకరి చెయ్యి ఒకరం వదల్లేదు.

మేం రేవుకి వెళ్ళేసరికి జనం నిండిపోయి ఉన్నారు. ఎవరూ మాట్లాడటంలేదు. మంచులోంచి మూడు బోట్లూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఓరిన్ ముందు గట్టెక్కాడు, పక్కన వేడ్, వేడ్ చేతిలో ఖాళీ తుపాకి. కొరీన్ పరుగెత్తి వెళ్ళి అన్న గుండెల మీద గుద్దింది, మళ్ళీ గుద్దింది, తర్వాత అక్కడే తల ఆనించి నిలబడిపోయింది. లైల్ తన ట్రక్కు పక్కనే ఉన్నాడు. ముందుకి అడుగు వెయ్యలేదు. ఓరిన్ అటు చూడలేదు.

వేడ్ బండిలో ఓరిన్ పక్కన కూర్చుని ఆసుపత్రికి వెళ్ళాను. దారిలో అతను నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కాసేపటికి తల కిటికీకి ఆనించి నిద్రపోయాడు. ఫెర్న్ పోయాక అతనికి సరిగా నిద్ర లేదని నాకు తెలుసు కాబట్టి, గుంతలొచ్చినచోట నెమ్మదిగా వెళ్ళమని వేడ్‌కి సైగ చేశాను.

ఆ సాయంత్రం నా బదులు మార్గో వేదికెక్కింది. మర్నాడు ఆ సన్మాన ఫలకాన్ని నా చేతికిస్తుంటే, "ఏం చెప్పావు వాళ్ళకి?" అని అడిగాను. "పనిలో ఉందని చెప్పాను," అంది.

కథలో అయితే అంతా అక్కడితో చక్కబడాలి. అలా జరగలేదు. లైల్ ఫిర్యాదు ఇవ్వనన్నాడు. "నా వెనక ఉన్నాడు, అంతే. సముద్రం అందరిదీ" అని వేడ్‌తో అన్నాడు. తాళ్ళు కోసింది మాత్రం తనే వెళ్ళి ఒప్పుకున్నాడు. ఆ ఏడు మిగిలిన కాలమంతా అతని లైసెన్సు ఆపేశారు. ఓరిన్ కొన్ని వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. తుపాకులు అతనికి ఇవ్వకూడదని జడ్జి ఆదేశించాడు.

నా వెనక మెట్లు నేను భయపడినట్టే నిశ్శబ్దమైపోయాయి. ఒకరి తర్వాత ఒకరు అపాయింట్‌మెంట్లు మానేశారు. సరుకుల దుకాణంలో ఒక కుర్రాడు నాకు వినబడేలానే, "ఆవిడతో ఏమన్నా అంటే రేడియోలో వస్తుందట" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను పాలడబ్బా తీసుకుని బయటికొచ్చి కార్లో కూర్చుని ఏడ్చాను. చేసింది తప్పని కాదు. మళ్ళీ ఆ పరిస్థితే వస్తే అదే చేస్తాను. అయినా ఏడ్చాను. హార్లండ్ ఒక్కడే మానలేదు. పైగా ముందు మెట్ల మీంచి, కింద దుకాణంవాణ్ణి గట్టిగా పలకరించి మరీ వచ్చేవాడు. వెళ్ళిపోయినవాళ్ళలో కొందరు మెల్లగా తిరిగొచ్చారు. కొందరు ఎప్పటికీ రాలేదు.

ఓరిన్ చలికాలమంతా నా వైపు చూడకుండా తిరిగాడు. మంచు కరిగాక ఒకరోజు పోస్టాఫీసు దగ్గర ఎదురొచ్చి ఆగాడు.

"మీరు చేసింది నాకు నచ్చలేదండీ," అన్నాడు. "నేను బతికున్నది కూడా కొన్నాళ్ళు నచ్చలేదు. గురువారం ఖాళీ ఉందా?"

ఉందన్నాను.

ఆ తర్వాత వేసవిలో ఇంకొకరు వచ్చారు. తలుపు దగ్గర టోపీ చేతిలో నలుపుతూ లైల్ నిలబడి ఉన్నాడు. కూర్చోమన్నాను, కూర్చోలేదు.

"పొగమంచు పడితే సముద్రం మీదకి వెళ్ళలేకపోతున్నానండీ," అన్నాడు. "వెనక ఇంజను చప్పుడు వినబడినట్టే ఉంటోంది. ఇంజను కట్టేసి వింటే ఏమీ ఉండదు. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ వినబడుతుంది. కొరీన్‌తో చెబితే, 'నువ్వు కోసిన తాడే నీ మెడకి చుట్టుకుంది' అంటుంది. నిజమే. కానీ బోన్లు ఎవరు లేపుతారు?"

ఆ మాట ఎవరితోనైనా అనడానికి అతనికి ఎంత కష్టమై ఉంటుందో తెలుసు. అయినా అతన్ని కూర్చోబెట్టుకోలేను. అవతలి మనిషి నా కుర్చీలో కూర్చుంటున్నాడు.

"లైల్, మిమ్మల్ని నేను తీసుకోలేను. ఎందుకో అడగకండి. మచాయస్‌లో నాకు తెలిసిన ఆవిడ ఉంది, నేనిప్పుడే ఫోన్ చేస్తాను."

"ఏడవడానికి గంటసేపు బండి నడుపుకుని పోవాలా?"

"పోవాలి."

టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. కాసేపు గడపలోనే నిలబడ్డాడు. "ఆవిడ తిడుతుందా?"

"అవసరమైతే."

"సరే, చెయ్యండి ఫోన్," అన్నాడు. నేను నంబరు నొక్కి, అవతల పలికేదాకా చూసి, ఫోన్ అతని చేతికిచ్చాను.